గట్టెక్కే వేళ: రూపవిక్రియలో ఉన్న సాలమాండర్‌కు ఏ అమరిక మంచిది?

బల్లిలా కనిపించే ఉభయచరమైన సాలమాండర్ లార్వాను నెలల తరబడి చక్కగా పెంచుకొచ్చినవారు కూడా దానిని పోగొట్టుకునేది చాలావరకు రూపవిక్రియ (లార్వా రూపం పోయి పెద్దదాని రూపం రావడం) జరిగే ఆ కొద్ది వారాల్లోనే. అంతవరకు చేపలాగా నీటిలో బతికిన ప్రాణికి మొప్పలు కుంచించుకుపోతాయి, తోక మీది పలుచని రెక్క కరిగిపోతుంది, ఊపిరి తీసే పనిని ఊపిరితిత్తులు అందుకుంటాయి. మొప్పలు పోయాక కూడా నిటారు గాజు గోడల నడుమ లోతు నీటిలోనే ఉండిపోతే అది అలసిపోయి మునిగి చనిపోతుంది. మొప్పలు ఇంకా పనిచేస్తుండగానే తొందరపడి బయటికి తీస్తే, లార్వా చర్మం తేమను నిలుపుకోలేక ఎండిపోతుంది. కాబట్టి ఏ తొట్టె తీసుకోవాలి, నీరు ఎంత ఉంచాలి, గట్టు ఎలా కట్టాలి అనే ప్రశ్నలన్నిటినీ ఒకే కొలబద్దతో చూడాలని నా అభిప్రాయం. నీటిలో ఉండాలా, పైకి రావాలా అన్నది పగలైనా రాత్రయినా, మనం చూస్తున్నా చూడకపోయినా, ఆ ప్రాణే తేల్చుకునే వీలు ఆ అమరికలో ఉందా లేదా అన్నదే ఆ కొలబద్ద.

ముందుగా జాతి సంగతి

అమరికల జోలికి వెళ్ళే ముందు మీ దగ్గరున్నది ఏ జాతో నిర్ధారించుకోవాలి, ఎందుకంటే ‘సాలమాండర్’ అనే ఒక్క పేరు కింద ఒకదానితో ఒకటి పొంతన లేని జీవితాలు ఉన్నాయి. టైగర్ సాలమాండర్, మచ్చల సాలమాండర్, ఫైర్ సాలమాండర్ రూపవిక్రియ పూర్తికాగానే నేలజీవులవుతాయి. ఈ వ్యాసంలోని సలహా ప్రధానంగా వీటి గురించే. న్యూట్‌లు కూడా సాలమాండర్ వర్గానివే; వాటిలో ఫైర్ బెల్లీ న్యూట్ పిల్లలు కూడా నీటిని వదిలి ఏడాదికి పైగా నేల మీదే గడిపి, ఆ తరువాతనే మళ్ళీ నీటికి వస్తాయి. స్పానిష్ రిబ్డ్ న్యూట్ మాత్రం మొప్పలు పోయిన తరువాత కూడా నీటిలోనే హాయిగా ఉంటుంది. దానికి పైకెక్కి సేదతీరే చోటు ఒకటి ఉంటే చాలు. మడ్‌పప్పీలు, సైరన్‌లు జీవితాంతం మొప్పలతోనే ఉంటాయి. ఎర్రవీపు సాలమాండర్ లార్వా దశను గుడ్డులోనే ముగించుకుని బయటికి వస్తుంది కనుక దాని విషయంలో ఈ ప్రశ్నే తలెత్తదు.

ఆక్సొలాటల్ సంగతి విడిగా చెప్పాలి. అది లార్వా రూపంలోనే పెరిగి, ఆ రూపంలోనే గుడ్లు పెట్టే జాతి. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కు చేరిన ఆక్సొలాటల్‌లు మరుసటి ఏడాది గుడ్లు పెట్టగా, వాటి పిల్లల్లో కొన్ని మొప్పలు పోగొట్టుకుని నేలజీవులుగా మారడం చూసి ఒగుస్త్ డ్యుమెరిల్ వంటి ప్రాణిశాస్త్రవేత్తే ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యాన్ని ఇంట్లో మళ్ళీ చూడాలన్న కుతూహలంతో అయొడిన్‌నో థైరాయిడ్ హార్మోన్‌నో నీటిలో కలిపేవారు నేటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. బలవంతంగా మార్చిన ఆక్సొలాటల్‌లు ఎన్నో మార్పు మధ్యలోనే చనిపోతాయి, గట్టెక్కినవాటికి కూడా ఆయుష్షు తగ్గుతుంది. ఎక్కడో అరుదుగా ఒకటి తనంతట తానే మారడం మొదలుపెడితే మాత్రం, దానికి టైగర్ సాలమాండర్‌కు చేసినట్టే అంతా చేయాలి.

ఎప్పుడు మొదలైనట్టు?

ఏ అమరికను ఎంచుకున్నా అది మొప్పలు పోకముందే సిద్ధంగా ఉండాలి, అందుకే ఆనవాళ్ళను పట్టుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. నేను టైగర్ సాలమాండర్ లార్వాను మొదటిసారి ఈ దశ దాటించినప్పుడు నా చూపంతా మొప్పల మీదే ఉండేది. నిజానికి మొదట మారింది తోక. వీపు మీది నుంచి తోక చివరిదాకా సాగే పలుచని రెక్క అంచు ఒకనాడు కాస్త ముడుచుకున్నట్టు కనిపించింది, నాలుగైదు రోజుల్లో వీపు మీది భాగం దాదాపు మాయమైంది. ఆ తరువాతే మొప్పల ఈకలు వాడి వాడి అరిగిన కుంచె వెంట్రుకల్లా పొట్టిబడసాగాయి. తలలో కలిసిపోయినట్టుండే కళ్ళు గుండ్రంగా పైకి ఉబికి, వాటి చుట్టూ రెప్పల అంచులు ఏర్పడ్డాయి. ఒక రాత్రి దీపం మందంగా పెట్టి చూస్తే, అది ముందు కాళ్ళు రాతి మీద ఆనించి, ముక్కు పుటాలు మాత్రం నీటి పైకి తేల్చి, కదలకుండా నిలబడి ఉంది. కాసేపటికి నోటి పక్క నుంచి ఒక్క గాలిబుడగ పైకి వచ్చింది. తెల్లవారేసరికి పలుచని పొరలా ఊడివచ్చిన తన చర్మాన్ని తానే తింటూ కనిపించింది. చర్మం వదలడమూ దానిని తినడమూ వీటికి సహజమే, కంగారుపడనక్కర్లేదు.

ఈ మార్పును నడిపించేది థైరాయిడ్ హార్మోన్. బయటికి కనిపించని మార్పులు కనిపించేవాటి కన్నా లోతైనవి. లార్వాగా ఉన్నప్పుడు శరీరంలోని నత్రజని వ్యర్థాన్ని ప్రధానంగా అమ్మోనియాగా నీటిలోకి వదిలిన ప్రాణి, నేలజీవి అయ్యాక దానిని ఎక్కువగా యూరియాగా మార్చి విసర్జిస్తుంది. నోటి అడుగున ఉండే ఎముకల, మృదులాస్థుల అమరిక మారిపోతుంది. నోరు తెరిచి నీటితో సహా ఎరను లోపలికి గుంజుకునే పద్ధతి పోయి, నాలుకతోనూ దవడలతోనూ పట్టే పద్ధతి వస్తుంది. మేత ఎందుకు మానేస్తుందో, తిరిగి మొదలుపెట్టినప్పుడు ఎందుకు తడబడుతుందో ఇది గుర్తుంటే సులువుగా అర్థమవుతుంది. మొత్తం మార్పుకు సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది, చల్లని నీటిలో ఇంకా నెమ్మదిగా సాగుతుంది.

మూడు అమరికలు

పెంపకందారులు వాడే పద్ధతులు ఎన్ని ఉన్నా అవి మూడు రకాలుగా తేలుతాయి: ఒక పక్క నీరు, మరో పక్క నేల ఉండేలా కట్టిన వాలు తొట్టె, మామూలు నీటి తొట్టెలోనే నీరు తగ్గించి తేలే దిమ్మను వేయడం, అడుగున తడి కాగితం పరిచిన చిన్న డబ్బా.

వాలు తొట్టెను నేను మొదటి స్థానంలో ఉంచుతాను. తొట్టె ఒక చివర నున్నని పెద్ద రాళ్ళను పేర్చి, వాటి మీద తడి నాచు పరిచి, నీటి అడుగు నుంచి గట్టు దాకా ఎక్కడా మెట్టు అడ్డురాకుండా వాలు కడితే, బలహీనమైన కాళ్ళతోనే ప్రాణి నడుచుకుంటూ పైకి వస్తుంది, బెదిరితే నడుచుకుంటూనే నీటిలోకి పోతుంది. మార్పు మధ్యలో ఉన్న సాలమాండర్ రోజుకు చాలాసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఈ రాకపోకలకు అవకాశం ఇవ్వడంలో మరే అమరికా దీనికి సాటిరాదు. దీనితో ఇబ్బంది శుభ్రత దగ్గర వస్తుంది. రాళ్ళ సందుల్లో మేత ముక్కలు, విసర్జన చిక్కుకుని నీటిని పాడుచేస్తాయి, కాళ్ళో తలో ఇరుక్కునే సందులు కూడా ఏర్పడవచ్చు. అందుకే చిన్న గులకరాళ్ళ కన్నా అరచేయంత పెద్ద రాళ్ళు రెండు మూడు వాడటం మంచిది. అప్పుడు ఎత్తి కడగడం సులువు, పైగా చిన్న గులకరాయిని ఎరతో పాటు మింగి పేగులో ఇరికించుకునే ప్రమాదం తప్పుతుంది. రాళ్ళు కదలకుండా కుదురుకున్నాయో లేదో చేత్తో ఒత్తి చూసిన తరువాతే ప్రాణిని వదలాలి.

తేలే దిమ్మ పద్ధతి చూడటానికి అన్నిటికన్నా సులువుగా కనిపిస్తుంది, ఉన్న తొట్టెను మార్చనక్కర్లేదు కూడా. అయినా నేను ఎక్కువ జాగ్రత్తపడమనేది దీని విషయంలోనే. తాబేళ్ళ కోసం తయారైన దిమ్మల అంచు నీటి మీద నిలువుగా లేచి ఉంటుంది; బలమైన కాళ్ళున్న తాబేలు దానిని పట్టుకుని ఎక్కగలదు గాని, అప్పుడే మొప్పలు పోగొట్టుకుంటున్న సాలమాండర్ అంచు కింద తల దూర్చి పైకి రాలేక ఊపిరికి తన్నుకులాడుతుంది. దిమ్మ వాడక తప్పకపోతే, దాని ఒక అంచు నీటిలో మునిగి ఉండాలి, ఉపరితలం గరుకుగా ఉండాలి, ఒకటికి రెండు దిమ్మలు ఉండాలి, తొట్టెలో ఎక్కడున్నా ప్రాణికి నాలుగు ఈతల్లో ఏదో ఒకటి అందాలి. పైగా తేలే నీటి మొక్కలను దట్టంగా వేస్తే వాటి మీద తల ఆనించి ఊపిరి తీసుకుంటుంది. నీటిలోనే ఉండిపోయే స్పానిష్ రిబ్డ్ న్యూట్ వంటివాటికి ఈ పద్ధతి నిజంగానే సరిపోతుంది. నేలకు వచ్చే జాతులకు మాత్రం, మీరు పగలంతా ఇంట్లో ఉండి కనిపెట్టుకోగలిగితేనే దీనిని ఎంచుకోండి.

కాగితపు డబ్బా చివరి మజిలీకి పనికొచ్చేది. మూతకు గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బా అడుగున, రంగూ సువాసనా లేని మెత్తని కాగితాన్ని క్లోరిన్ తీసిన నీటితో తడిపి పరిచి, దాక్కోవడానికి బెరడు ముక్కనో బోర్లించిన చిన్న మట్టి పాత్రనో పెట్టాలి. డబ్బా ఒక చివర కింద చిన్న చెక్క ముక్క పెట్టి వాల్చితే రెండో చివర వేలి మందం నీరు నిలుస్తుంది. అప్పుడు ఇది కూడా ఒక చిన్న వాలు తొట్టె అవుతుంది. విసర్జన, ఊడిన చర్మం, తినని మేత ఇందులో కంటికి ఎదురుగా కనిపిస్తాయి కనుక జబ్బుపడినదానికి, బాగా చిన్నదానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే కాగితాన్ని ప్రతిరోజూ మార్చే ఓపిక ఉండాలి. ఒక్కరోజు అలక్ష్యం చేస్తే వ్యర్థమంతా ఆ తడిలోనే పేరుకుని చర్మం ద్వారా శరీరంలోకి చేరుతుంది. మొప్పలు సగానికి పైగా ఉండగా ఇందులోకి మార్చడం తొందరపాటు. మొప్పలు బుడిపెల్లాగా మిగిలి, ప్రాణి తనంతట తాను గంటల తరబడి నీటి బయట గడుపుతుంటేనే మార్చాలి.

కాబట్టి మొదటిసారి పెంచుతున్నవారికి నా సలహా ఇది. తోక రెక్క ముడుచుకోవడం కనిపించిన రోజే వాలు తొట్టెను సిద్ధం చేయండి, మొప్పలు బుడిపెలయ్యాక కాగితపు డబ్బాలోకి మార్చండి. రెండూ ఏర్పాటు చేసే వీలు లేకపోతే వాల్చిన పెద్ద డబ్బా ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. మొదట్లో నీరు ఎక్కువ ఉంచి, తరువాత తగ్గించుకుంటూ రావచ్చు. ఏ అమరికకైనా మూత బిగుతుగా ఉండాలి. తడి పొట్టను గాజుకు అంటించుకుని ఈ పిల్లలు నిటారు గోడను అవలీలగా ఎక్కేస్తాయి. నా దగ్గర ఒకటి మూత లోపలి వైపున తలకిందులుగా అతుక్కుని ఉండగా తెల్లవారుజామున కనిపించింది, మూత మూలలో వేలు దూరే సందు ఉంది. అది గది నేల మీద పడి ఎండిపోకపోవడం నా అదృష్టం మాత్రమే.

నీటిని తగ్గించాలా, వదిలేయాలా?

చెరువు ఎండుతున్నప్పుడు చాలా జాతుల లార్వాలు రూపవిక్రియను ముందుకు జరుపుకుంటాయి. నీరు తగ్గిస్తే తొందరగా మారుతుందన్న మాటకు ఆధారం అదే. 1870వ దశకంలో మరీ ఫాన్ షోవాఁ అనే పరిశోధకురాలు నీటిని క్రమంగా తగ్గిస్తూ ఆక్సొలాటల్‌లనే నేలజీవులుగా మార్చగలిగింది. అయితే అడవిలో ఆ తొందర ఒక తప్పనిసరి బేరం: చిన్న ఒడలుతో బయటపడటమా, నీటితో పాటు ఎండిపోవడమా అన్నదే అక్కడి ప్రశ్న. పెద్దదిగా ఎదిగి మారిన పిల్ల నేల మీద బతికి బట్టకట్టే అవకాశం ఎక్కువ. ఇంటి తొట్టె ఎండిపోదు కనుక ఆ బేరం మన దగ్గర చేయించాల్సిన అవసరం లేదు. ఆనవాళ్ళు కనిపించకముందే తొందరపెట్టడానికి నీరు తగ్గించడం తప్పు. ఆనవాళ్ళు స్పష్టంగా కనిపించాక, మునగకుండా కాపాడటానికి రోజుకు కొంచెంగా తగ్గించుకుంటూ, చివరికి అది అడుగున నిలబడితే ముక్కు పైకి అందేంత లోతుకు తీసుకురావడం మంచిది.

నీరు తగ్గేకొద్దీ అందులోని వ్యర్థం చిక్కబడుతుందన్నది మరువరాదు. లోతు ఉన్నంతవరకు గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఉత్తమం, ఎందుకంటే దాని లాగుడు మెత్తన. మోటారుతో నడిచే ఫిల్టర్ ప్రవాహం బలహీనంగా ఉన్న ప్రాణిని అలసిపోయేలా చేస్తుంది, దాని గొట్టం కాళ్ళనూ మొప్పలనూ లాగి పట్టేస్తుంది. స్పాంజ్ మునగనంతగా నీరు తగ్గాక ఫిల్టర్‌ను తీసేసి, ప్రతిరోజూ సగం నీటిని అదే ఉష్ణోగ్రత ఉన్న నీటితో మార్చడమే మేలు. పరీక్షించినప్పుడు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. కుళాయి నీటిలో కలిపింది క్లోరిన్ అయితే ఒక రోజు తెరిచి ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది గాని, క్లోరమిన్ అయితే అలా పోదు, దానికి నీటి కండిషనర్ వాడాలి. ఏది కలిపారో తెలియనప్పుడు కండిషనర్ వాడటమే క్షేమం.

ఉష్ణోగ్రత విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. హీటర్ వద్దు. టైగర్ సాలమాండర్‌కు 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్, ఫైర్ సాలమాండర్‌కు ఇంకా చల్లగా, 18 కన్నా తక్కువ ఉంటే బాగుంటుంది. నీరు వెచ్చబడితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, సరిగ్గా మొప్పలు చాలక ఊపిరితిత్తులు ఇంకా కుదురుకోని సమయంలో ఆ కొరత ప్రాణాంతకమవుతుంది.

మేత, తోడు, చేతి స్పర్శ

మార్పు నడుమ మేత తగ్గడమూ మానడమూ మామూలే. అంతకుముందు కండపట్టి ఉన్న టైగర్ సాలమాండర్ పిల్ల వారం పది రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. ఆ రోజుల్లో నోరు తెరిచి బలవంతంగా పెట్టడం కన్నా, తిననిది వెంటనే తీసేస్తూ నీటిని శుభ్రంగా ఉంచడమే ప్రాణికి ఎక్కువ మేలు చేస్తుంది. ఇంకా తింటున్నంతకాలం చేపల మేతగా ఫ్రీజ్ చేసి అమ్మే చిన్న ఎర్రని రక్తపురుగుల కన్నా సన్నగా తరిగిన వానపాము మంచిదని నా అనుభవం, ఎందుకంటే పోషకం నిండుగా ఉంటుంది, అది నీటిలోనూ నేల మీదా ఒకేలా పనికొస్తుంది. ఎరువు గుంతల్లో దొరికే చారల ఎర్రలు ఘాటైన పసుపు ద్రవాన్ని వదులుతాయి, చాలా సాలమాండర్‌లు వాటిని ఉమ్మేస్తాయి. నేలకు వచ్చాక కదిలేదే వాటి కంటికి ఎరగా ఆనుతుంది. చిన్న జాతుల పిల్లలకు ఎగరలేని పండ్ల ఈగలు, స్ప్రింగ్‌టెయిల్‌లు అనే అతి చిన్న గెంతే పురుగులు, పెద్ద పిల్లలకు చిన్న కీచురాళ్ళు సరిపోతాయి. కీచురాళ్ళకు కాల్షియం పొడి అద్ది ఇవ్వాలి, తినకుండా మిగిలినవాటిని రాత్రికి లోపల వదలకూడదు, ఎందుకంటే అవి పిల్లను కొరుకుతాయి.

రెండు మూడు లార్వాలు కలిసి పెరుగుతుంటే ఈ దశలో విడదీయాలా అని అడుగుతారు. తప్పకుండా విడదీయాలి. ఇంకా మార్పు మొదలుకాని లార్వా ఆకలితో పక్కదాని కాలి వేళ్ళనూ మిగిలిన మొప్పలనూ కొరికేస్తుంది. పోయిన వేళ్ళు తిరిగి మొలుస్తాయన్నది నిజమే గాని, శరీరమంతా మారుతున్న సమయంలో ఆ గాయానికి బూజు పట్టే ప్రమాదం ఉంది.

చేత్తో పట్టుకోవడం అత్యవసరమైతేనే. మన అరచేయి వాటికి వేడి, దాని మీది ఉప్పు ఆ కొత్త చర్మానికి మంట. తడిపిన, పొడి లేని చేతొడుగులతో గాని, ఇంకా మేలైన పద్ధతిగా ఒక గిన్నెతో నీటితో సహా గాని తీయాలి. అడవి నుంచి తెచ్చిన నాచునూ ఆకులనూ నేరుగా వేయకూడదు. సాలమాండర్‌ల చర్మాన్ని తినే ఒక కైట్రిడ్ శిలీంధ్రాన్ని 2013లో శాస్త్రవేత్తలు గుర్తించి వివరించారు, ఐరోపాలో ఫైర్ సాలమాండర్‌ల గుంపులను తుడిచిపెట్టింది అదే. దాని బీజాలు తడి మట్టిలోనూ నీటిలోనూ నిలిచి ఉండగలవు కనుక తొట్టె నుంచి తీసిన నీటిని కూడా చెరువులోనో కాలువలోనో పారబోయరాదు.

మొప్పల గుర్తులు పూర్తిగా పోయి, చర్మం మందపడి కాస్త మెరుపు తేలాక, ఇంకా కొన్ని రోజులు కాగితం మీదే ఉంచండి. శాశ్వత నివాసంలోని మట్టిలోకి మార్చాల్సింది అది నేల మీద కనీసం రెండు మూడు సార్లు మేత తిన్న తరువాతే, ఎందుకంటే మట్టిలో దూరిన పిల్ల తింటోందో లేదో కనిపెట్టడం కష్టం. మొదటిసారి పెట్టేటప్పుడు చీకటి పడ్డాక, మొద్దు కొనలున్న పటకారుతో చిన్న వానపాము ముక్కను దాని ముక్కుకు వేలెడు దూరంలో నెమ్మదిగా ఆడించండి. తల వంచి చూస్తుంది, గురి తప్పుతుంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది. మూడు నాలుగు సార్లు అందకపోతే ఆ పూటకు ఆపేసి మర్నాడు పెట్టండి. మట్టిలోకి మార్చిన తరువాత లోపల ఉంచే నీటి పళ్ళెం లోతు దాని భుజం ఎత్తు దాటకూడదు, పళ్ళెంలో నుంచి పైకి రావడానికి ఒక చదునైన రాయి ఎప్పుడూ ఉండాలి.